కోరిలేషన్ 0.6 అంటే ఏం చెప్పినట్టు? సహసంబంధ గుణకాన్ని అడుగడుగునా చదివే పద్ధతి

ఎల్‌నినో మాట వినబడిన ఏడాది మన ఊళ్లలో ఖరీఫ్ లెక్కలన్నీ మారిపోతాయి. వరి వేద్దామనుకున్నవాళ్లు కంది వైపో, జొన్న వైపో చూస్తారు. కౌలుకు తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తారు. ఎల్‌నినో అంటే పసిఫిక్ మహాసముద్రం భూమధ్యరేఖ దగ్గర మామూలు కంటే ఎక్కువ వేడెక్కడం. ఆ భయం వెనక నిజమైన గణాంకమే ఉంది. పసిఫిక్ మహాసముద్రం భూమధ్యరేఖ దగ్గర ఎంత వేడెక్కిందన్నదానికీ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశమంతటా కురిసే వర్షానికీ మధ్య సహసంబంధ గుణకం దాదాపు మైనస్ 0.5 నుంచి మైనస్ 0.6 వరకు వస్తుంది. తీసుకున్న కాలాన్ని బట్టి, వాడిన సూచీని బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది. సముద్రం వేడెక్కితే మన దగ్గర వాన తగ్గే మొగ్గు ఉందని దానర్థం.

అయితే 1997లో వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్‌నినోల్లో ఒకటి. ఆ ఏడాది నైరుతి రుతుపవన వర్షం దీర్ఘకాలిక సగటులో 102 శాతం. 2002 నాటి ఎల్‌నినో దానికంటే చాలా బలహీనం. వర్షం మాత్రం 81 శాతానికి పడిపోయి దేశం కరువు చూసింది. ఇక్కడ గుణకం తప్పేమీ లేదు. అది అనని మాటను దాని నోట పలికించడంలోనే తప్పుంది.

ఈ గుణకాన్ని ఇంగ్లిషు అక్షరం 'ఆర్'తో సూచిస్తారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఈరోజు మనం వాడే సూత్రాన్ని 1890లలో కార్ల్ పియర్సన్ స్థిరపరిచాడు. అది జవాబు చెప్పేది ఒకే ఒక ప్రశ్నకు: రెండు కొలతల జతలను గ్రాఫు మీద చుక్కలుగా పెడితే, ఆ చుక్కలు ఒక సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఆ రేఖ పైకి పోతోందా, కిందికి దిగుతోందా? దాని విలువ మైనస్ 1 నుంచి ప్లస్ 1 లోపే ఉంటుంది. మిగతావన్నీ, అంటే కారణం, నమ్మకం, ఉపయోగం, మనం విడిగా తేల్చుకోవాల్సినవే. ఎలా తేల్చుకోవాలో వరసగా చూద్దాం.

1. ముందు జతలేమిటో ఒక వాక్యంలో రాసుకోండి

లెక్క మొదలుపెట్టకముందే కాగితం మీద రాయండి: ఒక్కో చుక్క దేనిని సూచిస్తోంది? ఒక మనిషినా, ఒక జిల్లానా, ఒక సంవత్సరాన్నా? మొత్తం ఎన్ని చుక్కలు? ఏ కాలానివి? ఇది రెండు నిమిషాల పని. తర్వాత వచ్చే పొరపాట్లలో సగం ఇక్కడే ఆగిపోతాయి.

2. అంకె కంటే ముందు బొమ్మ

ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు సెలెక్ట్ చేసి స్కాటర్ చార్ట్ వేయండి. ఆ చుక్కలను చూడకుండా ఆర్ విలువను నమ్మవద్దు. ఈ విషయంలో నేను మినహాయింపు ఇవ్వను.

ఎందుకంటే 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు చిన్న డేటా పట్టికలు తయారుచేశాడు. ఒక్కోదానిలో 11 జతలు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, గీసే రేఖ ఒకటే, ఆర్ విలువ కూడా ఒకటే, దాదాపు 0.82. బొమ్మలు వేస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. మొదటిది మనం ఊహించుకునే మామూలు చుక్కల గుంపు. రెండోది చక్కటి వంపు. మూడోదానిలో అన్నీ దాదాపు ఒకే గీత మీద ఉంటే ఒక్క చుక్క దూరంగా ఎగిరి కూర్చుంది. నాలుగోదానిలో పది చుక్కలు నిలువుగా ఒకే చోట పేర్చి ఉన్నాయి, పదకొండోది ఎక్కడో దూరాన ఉంది. ఆ ఒక్కటీ తీసేస్తే అక్కడ సంబంధమన్న మాటే ఉండదు.

వంపు ఉన్నచోట ఆర్ మరీ మోసం చేస్తుంది. పొలంలో యూరియా వేసేకొద్దీ దిగుబడి కొంతదాకా పెరుగుతుంది, హద్దు దాటితే పైరు పడిపోయి, తెగుళ్లు తగులుకుని దిగుబడి తగ్గుతుంది. ఎక్కడమూ దిగడమూ సమానంగా ఉన్న డేటాకు ఆర్ సున్నా రావచ్చు. యూరియాకూ దిగుబడికీ సంబంధం లేదని ఏ రైతూ ఒప్పుకోడు. ఆర్ సున్నా అంటే సరళరేఖలాంటి సంబంధం లేదని మాత్రమే.

3. ఒక్కసారైనా చేత్తో లెక్క వేయండి

జీవితాంతం కంప్యూటరే లెక్క కడుతుంది, నిజమే. కానీ ఒక్కసారి చేత్తో వేస్తే ఆ అంకె ఎక్కడినుంచి పుడుతుందో అర్థమవుతుంది. చెరకు రసం బండి లెక్క ఒకటి ఊహించుకుందాం. ఐదు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతలు: 34, 36, 38, 40, 42 డిగ్రీలు. ఆయా రోజుల్లో అమ్మిన గ్లాసులు: 60, 80, 75, 100, 110.

సగటులు కట్టండి. ఉష్ణోగ్రత సగటు 38, గ్లాసుల సగటు 85.

ప్రతి విలువ సగటుకు ఎంత దూరంలో ఉందో రాయండి. ఉష్ణోగ్రతకు: మైనస్ 4, మైనస్ 2, 0, 2, 4. గ్లాసులకు: మైనస్ 25, మైనస్ 5, మైనస్ 10, 15, 25.

ఏ రోజుకు ఆ రోజు ఈ రెండు తేడాలనూ గుణించండి: 100, 10, 0, 30, 100. మొత్తం 240. ఆర్ ప్రాణమంతా ఈ మెట్టులోనే ఉంది. రెండూ ఒకేసారి సగటు కంటే పైన ఉన్నా, రెండూ ఒకేసారి కింద ఉన్నా లబ్ధం ధనాత్మకం. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే రుణాత్మకం. ఇవన్నీ కలిపితే ఏ పక్షం గెలిచిందో తెలుస్తుంది.

ఇక ఆ 240ని డిగ్రీలూ గ్లాసులూ అనే కొలమానాల నుంచి విడదీయాలి. తేడాల వర్గాల మొత్తం ఉష్ణోగ్రతకు 40, గ్లాసులకు 1600. ఈ రెంటినీ గుణిస్తే 64,000, దాని వర్గమూలం సుమారు 253. 240ని 253తో భాగిస్తే 0.95. అదే ఆర్. ఎక్సెల్‌లో కోరెల్ అనే ఫంక్షన్‌కు రెండు కాలమ్‌లు ఇస్తే ఇదే వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 240ని 40తో భాగిస్తే 6 వస్తుంది. ఒక డిగ్రీ పెరిగితే సగటున 6 గ్లాసులు ఎక్కువ అమ్ముడవుతాయన్నమాట. అది వాలు, ఆర్ కాదు. పక్క వీధిలో పెద్ద బండివాడు రోజూ దీనికి పదింతలు అమ్మితే అతని వాలు 60, ఆర్ మాత్రం అదే 0.95. సంబంధం ఎంత బిగువుగా ఉందో ఆర్ చెబుతుంది. ఎంత పెద్దదో వాలు చెబుతుంది. బండివాడికి ఎన్ని గడలు కొనాలో తెలియాలంటే కావాల్సింది రెండోది.

ఇప్పుడు ఆరో రోజు చేర్చండి. ఎండ 44 డిగ్రీలు, వడగాలికి జనం ఇళ్లలోంచి కదల్లేదు, అమ్మింది 50 గ్లాసులే. మళ్లీ లెక్క వేస్తే ఆర్ 0.15. ఒక్క రోజు చేరడంతో 0.95 కాస్తా ఎక్కడికి దిగిందో చూడండి. ఆ రోజును ఔట్‌లయర్ అని కొట్టేస్తే నిజాన్నే కొట్టేసినట్టు. ఎండ ఒక హద్దు దాటాక వ్యాపారం తిరగబడుతుందన్నదే ఆ చుక్క మనకు చెప్పే కబురు. దూరంగా ఉన్న చుక్కను తీసేసే ముందు అది టైపింగ్ తప్పా, నిజంగా జరిగిందా అని విచారించాలి.

4. గుర్తు చూడండి, తర్వాత వర్గం చేయండి

ప్లస్ అయితే రెండూ కలిసి పెరుగుతున్నాయి, మైనస్ అయితే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతోంది. మైనస్ 0.6 అనేది ప్లస్ 0.6 కంటే బలహీనమేమీ కాదు. రెంటి బలమూ ఒకటే.

బలం తెలియాలంటే ఆర్‌ను వర్గం చేయండి. ఎల్‌నినో విషయంలో మైనస్ 0.6 తీసుకుంటే వర్గం 0.36. అంటే వానలో ఏడాదికేడాదికీ కనిపించే హెచ్చుతగ్గులలో, ఆ ఒక్క సూచీతో గీసిన రేఖ పట్టుకోగలిగేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగతా మూడింట రెండు వంతుల దాకా వేరే సంగతులవి. వేడి పసిఫిక్ మధ్యలో కేంద్రీకృతమైందా, తూర్పు అంచునా, మన హిందూ మహాసముద్రం ఆ ఏడాది ఎలా ఉంది, ఇలాంటివెన్నో. 1997లో హిందూ మహాసముద్రపు పడమటి భాగం బాగా వేడెక్కి ఉండటం మన వానను కాపాడిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు.

ముందస్తు అంచనాకు వాడేవాళ్లు ఇంకో లెక్క కూడా చేసుకోవాలి. 1 నుంచి ఆర్ వర్గాన్ని తీసేసి వర్గమూలం కట్టండి. 0.6కు వచ్చేది 0.8. సూచీ ఏదీ తెలియకుండా సగటునే అంచనాగా చెబితే ఎంత పొరపాటు వస్తుందో, సూచీ తెలిశాక కూడా అందులో 80 శాతం పొరపాటు మిగిలే ఉంటుంది. తగ్గింది 20 శాతమే. ఆర్ 0.9 అయినా మిగిలే పొరపాటు దాదాపు 44 శాతం. ఈ చిన్న లెక్క తెలిస్తే ఎల్‌నినో వార్త చదివి రైతు బెంబేలెత్తనక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనూ అక్కర్లేదు. స్వల్పకాలిక విత్తనం సిద్ధంగా పెట్టుకోవడానికి అది చాలినంత హెచ్చరిక. సాగు మానేయడానికి మాత్రం చాలదు.

0.1 తక్కువ, 0.3 మధ్యస్థం, 0.5 ఎక్కువ అని చెప్పే పట్టికలు చాలాచోట్ల కనిపిస్తాయి. జేకబ్ కోహెన్ మనస్తత్వ, సామాజిక శాస్త్రాల కోసం సూచించిన ఉజ్జాయింపు కొలతలవి. ఇంకే ఆధారమూ లేనప్పుడు వాడుకోమన్నవే తప్ప ప్రతి రంగానికీ పనికొచ్చేవి కావు. మనిషి ప్రవర్తన మీద సర్వేలో 0.4 వస్తే అది మంచి ఫలితం. ఇంట్లోని షుగర్ మెషీన్‌కూ ల్యాబ్ రిపోర్టుకూ మధ్య 0.9 వచ్చినా సంతోషించలేం. పైగా ఇంటి మెషీన్ ప్రతిసారీ ల్యాబ్ కంటే సరిగ్గా 30 ఎక్కువ చూపించినా ఆర్ 1 వస్తుంది. రెండు పరికరాలు ఒకే విలువ చూపిస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. దానికి తేడాలను నేరుగా చూడాలి, ఆర్‌తో తేలదు.

5. ఎన్ని జతలతో వచ్చిందో అడగండి

మన బండి లెక్కలో 0.95 చూసి మురిసిపోయాం, కానీ అది ఐదు రోజుల మాట. రొనాల్డ్ ఫిషర్ చూపిన పద్ధతిలో 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు గుణకం ఉండగల హద్దులు, కడితే అది సుమారు 0.41 నుంచి 0.997 దాకా పోతుంది. అసలు సంబంధం ఒక మోస్తరుదైనా కావచ్చు, దాదాపు పరిపూర్ణమైనా కావచ్చు. అదే ఆర్ 0.5 అనుకోండి. 30 జతలుంటే అంతరం 0.17 నుంచి 0.73 వరకు, 1000 జతలుంటే 0.45 నుంచి 0.55 వరకు.

సిగ్నిఫికెంట్ అన్న మాట చూసి కూడా తొందరపడవద్దు. అసలు సంబంధమే లేకపోయినా అంత పెద్ద గుణకం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం లోపే అయితే దాన్ని 5 శాతం ప్రమాణంలో సిగ్నిఫికెంట్ అంటారు. అలా అనిపించుకోవాలంటే 10 జతలకు ఆర్ 0.63 దాటాలి, 100 జతలకు 0.20 చాలు, 1000 జతలకు 0.06 దాటితే చాలు. ఆ 0.06ను వర్గం చేస్తే అర శాతం కూడా ఉండదు. అది కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు గానీ దానితో చేయగలిగే పని కూడా దాదాపు ఏమీ ఉండదు.

6. ఎన్నిటిలోంచి ఏరి తెచ్చారో అడగండి

ఈ ప్రశ్నకు మన దేశంలోనే గొప్ప చరిత్ర ఉంది. రాయలసీమ పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 నాటి మహా క్షామం తర్వాత, వానను ముందుగా చెప్పగలమా అన్న ప్రయత్నం ఊపందుకుంది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జి గణితవేత్త భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చాడు. వాతావరణ శాస్త్రం ఆయన చదువు కాదు. కాబట్టి ప్రపంచం నలుమూలల నుంచీ వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం రికార్డులు తెప్పించి, కార్యాలయ సిబ్బందితో చేతి లెక్కల మీద వందలాది సహసంబంధ గుణకాలు కట్టించాడు. ఆ కట్టల్లోంచే సదరన్ ఆసిలేషన్ బయటపడింది. పసిఫిక్ వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గే ఊగిసలాట అది. ఎల్‌నినోతో అది ముడిపడి ఉందని తర్వాతి తరం గుర్తించింది.

వాకర్‌లో నాకు నచ్చేది ఆ ఆవిష్కరణ కంటే ఆయన జాగ్రత్త. వందల గుణకాలు కడితే, ఏ సంబంధమూ లేకపోయినా వాటిలో ఒకటో రెండో పెద్దవిగా వస్తాయని ఆయనకు తెలుసు. ఏరి తెచ్చిన పెద్ద గుణకాన్ని ఒంటరి గుణకానికి వాడే ప్రమాణంతో తూచకూడదని, అన్నిటిలోకీ పెద్దది యాదృచ్ఛికంగా ఎంత దాకా రాగలదో దానితో పోల్చాలని 1914లోనే రాశాడు. లెక్క చూడండి: పరస్పరం సంబంధం లేని 20 పోలికలు చేస్తే, 5 శాతం ప్రమాణాన్ని కనీసం ఒకటైనా దాటే అవకాశం 64 శాతం. ఇంత జాగ్రత్త పడినా, వాన అంచనాకు ఆయన ఎంచుకున్న సంబంధాల్లో కొన్ని తర్వాతి దశాబ్దాల్లో నీరసించాయి. అందుకే ఎవరైనా గుణకం చూపిస్తే, దాన్ని కట్టడానికి వాడని కొత్త ఏళ్ల డేటాలో అది నిలబడిందా అని అడగండి.

7. కాలంతోపాటు పెరిగేవాటిని విడిగా చూడండి

ఇంగ్లండ్ గణాంకవేత్త ఉడ్నీ యూల్ 1926లో ఒక విచిత్రం చూపించాడు. 1866 నుంచి 1911 వరకు ఆ దేశంలో జరిగిన పెళ్లిళ్లలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగినవాటి వాటాకూ, మరణాల రేటుకూ మధ్య ఆర్ 0.95. చర్చిలో పెళ్లిళ్లు తగ్గినందుకు జనం ఆయుష్షు పెరగలేదు కదా. రెండూ ఆ అర్ధశతాబ్దంలో నెమ్మదిగా తగ్గుతూ వచ్చాయి, అంతే. ఒకే దిశలో సాగే ఏ రెండు కాలశ్రేణులు తీసుకున్నా ఆర్ ఇలాగే పెద్దదిగా వస్తుంది. మన రాష్ట్రాల్లో సెల్‌ఫోన్ల సంఖ్యకూ, సగటు ఆయుర్దాయానికీ పోలిక వేసినా అదే జరుగుతుంది.

చేయాల్సిన పని సులువు. విలువలకు బదులు ఏడాదికేడాదికీ వచ్చిన మార్పులను తీసుకుని మళ్లీ ఆర్ కట్టండి. ఈ ఏడాది విలువలోంచి నిరుటి విలువ తీసేస్తే చాలు. చాలా గొప్ప సంబంధాలు ఇక్కడే కరిగిపోతాయి. మిగిలినదాని గురించి ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టవచ్చు: ఒకటి రెండోదానికి కారణమా, రెండోది మొదటిదానికా, రెంటినీ నడిపించే మూడోదేదైనా ఉందా?

8. జిల్లాల సంబంధాన్ని మనుషులకు అంటగట్టవద్దు

మొదట్లో రాసుకున్న వాక్యం ఇక్కడ పనికొస్తుంది. డబ్ల్యూ.ఎస్. రాబిన్‌సన్ 1950లో అమెరికా 1930 జనాభా లెక్కలను తీసుకున్నాడు. రాష్ట్రాల వారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, ఆర్ మైనస్ 0.53. మనుషుల వారీగా చూస్తే గుర్తే మారిపోయింది, ప్లస్ 0.12. విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యులు కాస్త ఎక్కువ. స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లో వలస వచ్చినవాళ్లు స్థిరపడటమే ఈ తిరకాసుకు మూలం.

ఎల్‌నినోలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆ మైనస్ గుణకం దేశమంతటి నైరుతి వానకు కట్టింది. మీ మండలానికి కట్టింది కాదు. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానే ముఖ్యం. దక్షిణాదిన ఎల్‌నినో ఏడాదుల్లో ఆ వాన సగటున ఎక్కువ పడే మొగ్గు కనిపిస్తుంది. గుర్తే తలకిందులైందన్నమాట.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది. మంచి కాలేజీలో ఎంట్రన్స్ ర్యాంకుకూ, సెమిస్టర్ మార్కులకూ ఆర్ చాలా తక్కువ వస్తే, ఎంట్రన్స్ పరీక్షే దండగ అనేస్తారు. ఆ కాలేజీలో చేరింది దగ్గరదగ్గర ర్యాంకులవాళ్లే. ర్యాంకుల్లో తేడా కత్తిరించేశాక ఆర్ చిన్నబోవడం సహజం. పరీక్ష రాసినవాళ్లందరి మీదా లెక్క వేయగలిగితే అది పెద్దదిగా ఉండవచ్చు.

9. పియర్సనా, స్పియర్‌మనా?

చుక్కలు వంపుగా ఉన్నా ఒకే దిశలో పోతుంటే, లేదా ఆదాయాల్లాగా కొన్ని విలువలు మరీ పెద్దవైతే, విలువలకు బదులు వాటి ర్యాంకుల మీద లెక్క వేయడం మేలు. 1904లో చార్లెస్ స్పియర్‌మన్ చూపిన దారి ఇది. బండి లెక్కలో మొదటి ఐదు రోజులకు అది 0.90. ఆరో రోజు చేర్చాక 0.09. అంటే దిశే తిరగబడినచోట స్పియర్‌మన్ కూడా ఆదుకోలేదు. అక్కడ మళ్లీ బొమ్మే దిక్కు.

10. రిపోర్టులో ఎలా రాయాలి

'బలమైన సంబంధం ఉంది' అని రాసి వదిలేయకండి. జతల సంఖ్య, కాలం, గుణకం పేరు, అంతరం, బొమ్మలో కనిపించిన విశేషం, అన్నీ ఒకేచోట ఉండాలి. మన బండికైతే ఇలా రాయవచ్చు: 'ఐదు రోజుల డేటాలో గరిష్ఠ ఉష్ణోగ్రతకూ, అమ్మిన గ్లాసులకూ మధ్య పియర్సన్ గుణకం 0.95, 95 శాతం విశ్వాస అంతరం 0.41 నుంచి 0.997. డిగ్రీకి సగటున 6 గ్లాసుల పెరుగుదల. 44 డిగ్రీలు నమోదైన ఆరో రోజున అమ్మకం 50కి పడిపోయింది; ఆ రోజును కలిపితే గుణకం 0.15. 42 డిగ్రీలు దాటిన రోజుల డేటా ఇంకా సేకరించాలి.' దశాంశాలు రెండు చాలు. మూడో అంకె రాయాల్సింది, పైన 0.997కు రాసినట్టు, రెండుకు కుదిస్తే 1 అయిపోయేచోట మాత్రమే.